మస్కట్ బలూచ్ పెళ్ళిలో చూసిన ఆట ఏమిటి? వాళ్ళ సంగీతం ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీతో పనిచేసే బలూచ్ స్నేహితుడి అన్న పెళ్ళికి వెళ్ళారు. మగవాళ్ళంతా గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ తిరిగారు. కాసేపటికి పెద్ద డోళ్ళు, సన్నాయి లాంటిదొకటి రంగంలోకి దిగాయి, మోత మొత్తం మారిపోయింది. అది అరబ్బుల ఆటా, ఆఫ్రికాదా, నిజంగా బలూచ్‌లదేనా? వాళ్ళ పాత సంగీతం వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకోసారి పిలిస్తే ఆ వలయంలో కలవొచ్చా?

మొదట చూసింది దో చాపీ, తర్వాత చూసింది లేవా. రెండూ బలూచ్‌లవే, కాకపోతే లేవా వేళ్ళు తూర్పు ఆఫ్రికాలో ఉన్నాయి. అయితే మీరు చూసినదంతా పెళ్ళి సందడి. బలూచ్ సంగీతంలో బరువైన భాగం ఆటలో లేదు, సందడి అణిగాక కూర్చుని వినే పాటలో ఉంది. దానికి సురోజ్ అనే విల్లు వాద్యం మీద జహీరోక్ అనే ఎడబాటు పాట వినడంతో మొదలుపెట్టండి. వలయంలో కలవడం గురించి చివర్లో చెప్తాను. దో చాపీ అయితే నిరభ్యంతరంగా కలవొచ్చు.

నాది జగిత్యాల దగ్గర పల్లె. మస్కట్‌లో సౌండ్ సిస్టమ్ పని. మత్రా, సీబ్, బర్కా వైపు బలూచ్ పెళ్ళిళ్ళు ఎక్కువగా చేస్తాం. కరాచీలోని లియారీ నుంచి, మక్రాన్‌లోని తుర్బత్ వైపు నుంచి వచ్చే కళాకారులకు మైకులు పెడుతుంటాను. కాబట్టి కింద రాసింది కొంత మిక్సర్ వెనక నిలబడి నేర్చుకున్నది, కొంత ఆ ఉస్తాద్‌లు టీ తాగుతూ చెప్పింది.

ముందు ఒమాన్‌లో ఇంతమంది బలూచ్‌లు ఎందుకున్నారో తెలియాలి, లేకపోతే లేవా అర్థం కాదు. బలూచ్‌ల నేల ఇప్పుడు మూడు దేశాల్లో ఉంది: పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్, ఇరాన్‌లోని సీస్తాన్-బలూచిస్తాన్, అఫ్ఘానిస్తాన్ దక్షిణ అంచు. దీని సముద్రం వైపు భాగమే మక్రాన్. అక్కణ్ణించి ఒమాన్‌కు పడవ ప్రయాణమే. ఒమాన్ సుల్తానులు తరతరాలుగా బలూచ్‌లను సైన్యంలోకి తీసుకున్నారు. ఆ తీరంలోని గ్వాదర్ రేవు 1783 నుంచి ఒమాన్ చేతిలోనే ఉండి, 1958లో పాకిస్తాన్‌కు వెళ్ళింది. అంటే ఇక్కడి బలూచ్‌లలో చాలామంది మనలాగా వీసా మీద వచ్చినవాళ్ళు కారు. తాతల నాటి నుంచి ఇక్కడివాళ్ళే.

ఇక దో చాపీ. పేరుకు తగ్గట్టే రెండు చప్పట్ల ఆట. మూడు చప్పట్లయితే సె చాపీ. వలయంలో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు. అడుగు ముందుకు వేసి, నడుము కాస్త వంచి చప్పట్లు కొడతారు. ఒంటిని పక్కకు తిప్పి మళ్ళీ కొడతారు. వలయం మెల్లగా ఒక వైపుకు జరుగుతూనే ఉంటుంది. నడక ఆరు లెక్కది. మన తిశ్రం, అంటే మూడు లెక్క నడక, చెవిలో ఉన్నవాళ్ళకు రెండు చుట్లలో పట్టుబడుతుంది. ఈసారి చూసినప్పుడు కాళ్ళను కాదు, బట్టను గమనించండి. మడతలు మడతలుగా ఉండే వెడల్పాటి షల్వార్, మోకాళ్ళు దాటే కమీజు. మనిషి తిరిగిన అర క్షణానికి ఆ బట్ట తిరుగుతుంది. బాగా ఆడేవాడు ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో పెట్టుకుని అడుగు వేస్తాడు. కొత్త కుర్రాళ్ళు అది తెలియక బట్టతో కుస్తీ పడతారు.

వేగం డోలు వాయించేవాడి చేతిలో ఉంటుంది. మొదట నింపాదిగా వాయిస్తాడు. అప్పుడే ముసలివాళ్ళు లేచి నాలుగు చుట్లు తిరిగి, వేగం అందుకునే లోపు తప్పుకుంటారు. ఏటా మార్చి 2న జరిగే బలూచ్ సంస్కృతి దినోత్సవం 2010లో మొదలైంది. అప్పటి నుంచి దో చాపీ ఒక జెండా లాంటిదైపోయింది. ఇప్పుడు కాలేజీ మైదానాల్లోనూ, యూరప్ వీధుల్లోనూ ఆడుతున్నారు. ఇందులో ఒక చిక్కుంది. వీడియోల్లో అదే ఎక్కువ కనిపించడంతో బలూచ్ కళ అంటే ఇదొక్కటే అనుకుంటారు జనం.

లేవా సంగతి వేరు. ఒమాన్ సుల్తానులు జాంజిబార్‌ను ఏలిన కాలంలో తూర్పు ఆఫ్రికా నుంచి ఎందరినో బానిసలుగా పట్టి తెచ్చారు. వాళ్ళ వారసులు ఇటు ఒమాన్‌లోనూ, అటు మక్రాన్ తీరంలోనూ, లియారీలోనూ స్థిరపడ్డారు. బలూచీ మాట్లాడుతూ బలూచ్‌లే అయ్యారు. లేవా వాళ్ళు కాపాడుకున్న ఆట. సన్నాయి లాంటి సుర్నా ఊదేవాడు, రకరకాల పరిమాణాల్లో డోళ్ళు, చుట్టూ తిరిగే జనం. పాటల్లో స్వాహిలీ మాటలు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఒమాన్, ఎమిరేట్స్, బహ్రెయిన్ అరబ్బులు కూడా లీవా పేరుతో దీన్ని ఆడతారు. కాబట్టి "ఇది అరబ్బులదా, బలూచ్‌లదా" అని పంచాయితీ పెడితే తేలదు. హైదరాబాద్ పాతబస్తీ పెళ్ళిళ్ళలో మర్ఫా విన్నవాళ్ళకు ఈ కథ కొత్త కాదు. నిజాం సైన్యంలోకి వచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన మోత అది.

లేవాకు మైకు పెట్టాలంటే నాకు పెద్ద టెన్షన్ ఉండదు, ఎందుకంటే అసలు మైకే అక్కర్లేదు. సుర్నా ఒక్కటి చాలు వీధి చివర దాకా వినపడటానికి. చెమటలు పట్టించేది సురోజ్.

సురోజ్ గురించి కొంచెం వివరంగా. ఒకే చెక్క దుంగను తొలిచి చేస్తారు. పర్పుక్ అనే ఎడారి చెట్టు కర్ర దీనికి పేరుపొందింది. ఒళ్ళో నిలబెట్టి, గుర్రపు వెంట్రుకల విల్లుతో వాయిస్తారు. పొట్ట రెండు భాగాలుగా ఉంటుంది. పైది నోరు తెరుచుకుని ఉంటుంది, కిందిదానికి మేక చర్మం బిగిస్తారు. విల్లు తగిలే తీగలు కొన్నే. వాటి కింద సన్న తీగలు వరుసగా ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు, పై తీగ మోగినప్పుడు అవే మోగుతాయి. సారంగి చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు తెలుసు. ఇరాన్ వైపు దీన్ని సొరూద్ అనీ, గైచక్ అనీ అంటారు.

పని సంగతి అడిగేవాళ్ళ కోసం: చర్మానికి జానెడు దూరంలో చిన్న కండెన్సర్ మైకు పెట్టి, బ్రిడ్జి వైపు కాస్త వాల్చండి. అంతకన్నా దగ్గరైతే విల్లు గీరుడు తప్ప ఏమీ రాదు. చెక్కకు క్లిప్పు తగిలిస్తే కింది తీగల మోగుడు చచ్చిపోతుంది. ఎకో మాత్రం సున్నాలో పెట్టాలి. ఎకో లాంటిది ఆ వాద్యంలోనే ఉంది.

దీని పక్కన ఎప్పుడూ ఉండేది దంబూరగ్. పొడుగు మెడ, రెండు మూడు తీగలు. దీని మీద రాగం వాయించరు. కుడిచేత్తో తీగలన్నీ కలిపి మీటుతూ శ్రుతీ లయా రెండూ ఇదే చూసుకుంటుంది. చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటాడు దంబూరగ్ మనిషి. అతను ఆగితే మాత్రం పాటకు కాళ్ళు విరిగినట్టే.

ఇక జహీరోక్. ఎడబాటు పాట ఇది. దూరమైన మనిషి కోసం, వదిలి వచ్చిన ఊరి కోసం. తాళం ఉండదు, గొంతు సాగినంత మేర సాగుతుంది. మక్రాన్ ఇళ్ళలో తిరగలి దగ్గర కూర్చుని ఆడవాళ్ళు పాడుకునేవాళ్ళు. దారి పొడుగునా ఒంటెల వాళ్ళూ పాడేవాళ్ళు. ఇంటింటి తిరగలి పోయాక ఆడవాళ్ళ జహీరోక్ పలచబడి, వృత్తి గాయకుల నోట, సురోజ్ మీద నిలిచింది. ఇప్పుడు పెద్ద కథాగానం ఎత్తుకునే ముందు చెవులను సిద్ధం చేయడానికి వాయిస్తారు. భాష ఒక్క ముక్క రాకపోయినా పరవాలేదు. మా జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాళ్ళ మీద పాటలు విని పెరిగినవాళ్ళకు ఇదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరాన ఖారాన్, చాగయ్ వైపు దీనికి చుట్టం లాంటిది లీకో. అది చిన్న చిన్న చరణాల ఒంటెల బాట పాట.

ఏ పాట విన్నా ముందు "ఇది ఎప్పటి పాట" అని అడగండి. రాగం పేరు, గాయకుడి పేరు తర్వాత. వీళ్ళ పాటల్లో చాలావాటికి వేళ ఉంది, మనుషులు ఉన్నారు. బిడ్డ పుట్టిన తొలి రాత్రుల్లో బాలింతను కనిపెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు సిపత్ పాడతారు. అది దేవుణ్ణి, ప్రవక్తను కొలిచే పాట. జోలపాట లీలో. అందులో మగబిడ్డను కత్తీ డాలూ పట్టే వీరుడివి కమ్మని దీవిస్తారు. పెళ్ళికొడుక్కి స్నానం చేయించేటప్పుడు హాలో, పెళ్ళిలో ఇంకా లాడో, పొగడ్తకు నాజేంక్. చావుకు మోత్క్. తీరం వెంట జాలర్లు పడవ ఒడ్డుకు లాగుతూ పాడేది అంబా. సరదాకు పాడే పొట్టి ప్రేమపాట సౌత్. మీరు యూట్యూబ్‌లో వినేవాటిలో ముప్పాతిక మువ్వీసం సౌత్‌లే.

హాలో, లాడో నేను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. చూడకూడదు కూడా. ఆడవాళ్ళ వైపు స్పీకరు పెట్టి, తెర కింద నుంచి కేబుల్ తోసి ఇవతలికి వచ్చేస్తాం. మైకు వాళ్ళే పట్టుకుంటారు. హెడ్‌ఫోన్‌లో మాత్రం అంతా వినిపిస్తుంది: ఒక పెద్దావిడ ఎత్తుకోవడం, మిగతావాళ్ళు అందుకోవడం, మధ్యలో ఎవరో నవ్వు ఆపుకోలేక పంక్తి వదిలేయడం. నన్నడిగితే మగవాళ్ళ వైపు మూడు గంటల ప్రోగ్రామ్ కన్నా ఆ ఇరవై నిమిషాల్లో ప్రాణం ఎక్కువ.

ఇప్పుడు పెద్ద వంట. వీరగాథలను, ప్రేమగాథలను షేర్ అంటారు. వాటిని పాడే వృత్తి గాయకుడు పహ్లవాన్. గాయకుడు, సురోజ్, దంబూరగ్, అంతే మేళం. రింద్ తెగ నాయకుడు మీర్ చాకర్ రింద్‌కూ లాషారీ తెగ నాయకుడు గ్వహ్‌రామ్ లాషారీకీ మధ్య ముప్పై ఏళ్ళు సాగిందని చెప్పుకునే పోరు, పోర్చుగీసువాళ్ళను ఎదిరించిన హమ్మల్ జీయంద్, పగ తీర్చుకున్న బాలాచ్ గోర్గేజ్ ఇందులో వస్తారు. వాళ్ళను మించి వినేవాళ్ళను కట్టిపడేసేది హానీ, షే మురీద్‌ల కథ.

అది ఇలా సాగుతుంది. చాకర్ కొలువులో నాయకులు ఒక్కొక్కరూ ఒక్కో ఒట్టు పెడతారు. నా గడ్డం ముట్టుకున్నవాణ్ణి చంపుతానంటాడు జాడో. నా మందలో కలిసిన ఒంటెను తిరిగి ఇవ్వనంటాడు హైబత్. గురువారం పొద్దున ఎవరేం అడిగినా ఇస్తానంటాడు మురీద్. తర్వాత ఆ ఒట్లకు పరీక్ష వస్తుంది. జాడో గడ్డం ముట్టుకునేది అతని కన్నకొడుకే. మాట నిలబెట్టుకుంటాడు. మురీద్ దగ్గరికి చాకర్ పాటగాళ్ళను పంపుతాడు. వాళ్ళు డబ్బు అడగరు, గుర్రం అడగరు. మురీద్‌కు నిశ్చయమైన హానీని చాకర్ కోసం అడుగుతారు. ఇచ్చేస్తాడు. హానీ చాకర్ ఇల్లు చేరుతుంది, మురీద్ ఫకీరై దేశాలు పట్టిపోతాడు.

కథలో ఆ పని చేసింది పాటగాళ్ళు, కథ పాడేదీ పాటగాళ్ళే. ఆ ఘట్టాన్ని కొందరు పహ్లవాన్‌లు చకచకా దాటించేస్తారు. ఒకాయన మాత్రం అక్కడే ఆగి, సురోజ్‌ను చాలాసేపు ఒంటరిగా వాయించనిచ్చి, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. ఎందుకని అడిగితే "వాళ్ళు మావాళ్ళే కదా" అన్నాడు.

ఈ మాట వెనక ఒక చేదు నిజం ఉంది, బలూచ్ సంగీతం మీద మురిసిపోయే రాతల్లో ఇది పెద్దగా కనిపించదు. వాయించి బతికేవాళ్ళు ఎక్కువగా లోరీ, డోమ్ అనే కులవృత్తి కుటుంబాలు. తెగ నాయకుడు కవిత్వం కడితే గౌరవం. అదే కవిత్వాన్ని డబ్బు తీసుకుని పాడేవాడికి మాత్రం పిల్లనివ్వడానికి వెనకాడతారు. సురోజ్ లేనిదే పొద్దు గడవని పెద్దమనిషే కొడుకు సురోజ్ పట్టుకుంటే ఒప్పుకోడు. పరిస్థితి మారుతోంది, కానీ మెల్లగా. అందుకే కళాకారుడి కులం గిలం అడగకండి. ఉస్తాద్ అని పిలవండి, సరిపోతుంది.

షేర్ రాత్రి పొడుగునా సాగాల్సిన పాట. దానికి మొదటి కత్తెర రేడియో. 1949లో రేడియో పాకిస్తాన్ కరాచీ కేంద్రం బలూచీ ప్రసారాలు మొదలుపెట్టింది. బలూచీ గొంతులు దూరాలకు చేరాయి, పాట మాత్రం నిమిషాల్లోకి కుదించుకుపోయింది. తర్వాత క్యాసెట్లు, ఇప్పుడు ఫోన్లు. ఇప్పటి పెళ్ళిళ్ళలో కీబోర్డు, ప్యాడ్లు, బెంజు పెట్టుకుని సౌత్‌లు పాడేస్తారు. నా పొట్ట నిండేది వాటితోనే కాబట్టి తిట్టను.

బెంజు అంటే మీరు పంపిన పెళ్ళి ఫోటోలో బల్ల మీద టైప్‌రైటర్ మీటలు ఉన్నట్టు కనిపించిందే, అదే. మనవాళ్ళు బుల్‌బుల్ తరంగ్ అనే దానికి అన్న లాంటిది. 1912లో జపాన్‌లోని నగోయాలో గోరో మొరీతా తయారుచేసిన తైషోగోతో దీని మూలం. అది ఈ తీరానికి చేరాక బలూచ్ కళాకారులు పొడుగు పెంచి, బలూచీ గమకాలకు ఒదిగేలా మలిచారు. ఎలక్ట్రిక్ పికప్ పెట్టాక పెళ్ళి పందిట్లో సురోజ్ దాని ముందు నిలవలేకపోయింది. కొత్త సరుకని చిన్నచూపు వద్దు. పస్నీ ప్రాంతపు ఉస్తాద్ నూర్ బఖ్ష్ వాయిస్తే అది పిట్ట కూతకూ జహీరోక్‌కూ మధ్య ఎక్కడో తిరుగుతుంది. 2022లో ఆయన ఆల్బమ్ వచ్చింది, తర్వాత యూరప్ వేదికలు ఎక్కాడు.

వినడానికి ఒక వరుస చెప్పమంటే ఇదీ. ముందు సురోజ్ ఒంటరిగా: బుగ్టీ ప్రాంతపు సచ్చూ ఖాన్ రికార్డింగులు వెతకండి. తర్వాత నూర్ బఖ్ష్ బెంజు. ఆ తర్వాత దోనెలి, అంటే ఒకేసారి నోట్లో పెట్టుకుని ఊదే జంట వేణువులు. దీనికి ఇరాన్ వైపు షేర్ మొహమ్మద్ ఎస్పందార్. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కనిపెట్టడానికి ప్రయత్నించండి, దొరకదు. పాటకు పాతతరం ఫైజ్ మొహమ్మద్ బలూచ్. పాకిస్తాన్ సంగీత కార్యక్రమం కోక్ స్టూడియోలో అఖ్తర్ చనాల్ జహ్రీ, ఇంకా 2022లో కైఫీ ఖలీల్, ఈవా బీ, వహాబ్ బుగ్టీ కలిసి పాడిన పాట మీరు వినే ఉంటారు. వినండి, తప్పులేదు, కాకపోతే అక్కడే ఆగిపోకండి. అన్నట్టు అఖ్తర్ చనాల్ బలూచీలోనే కాదు, బ్రాహుయీలోనూ పాడతాడు. కలాత్, ఖుజ్దార్ వైపు మాట్లాడే బ్రాహుయీ ద్రావిడ భాష, మన తెలుగుకు దూరపు చుట్టం.

గ్వాతీని వినోదం అనుకోవద్దు. ఎవరైనా "రాత్రంతా సురోజ్ ఉంటుంది రండి" అన్నారని ఉత్సాహంగా బయల్దేరేముందు అది ఏమిటో కనుక్కోండి. మనిషికి పట్టిన గాలిని శాంతింపజేయడానికి చేసే తంతు అది. ఖలీఫా అనే పెద్ద, కొన్నిచోట్ల ఆడమనిషే, నడిపిస్తారు. ఒక్కో గాలికి ఒక్కో వరుస నచ్చుతుందంటారు. అది దొరికేదాకా సురోజ్ వాయించేవాడు వరుస మారుస్తూనే ఉంటాడు. దొరగ్గానే రోగి ఊగడం మొదలవుతుంది. ఇలా కొన్ని రాత్రులు సాగొచ్చు. సింధ్‌లోని సెహ్వాన్‌లో దర్గా ఉన్న సూఫీ సాధువు లాల్ షాబాజ్ ఖలందర్ పాటలూ ఇందులో వస్తాయి. నమ్మకం మీ ఇష్టం. ఫోన్ మాత్రం బయటికి తీయకండి. మేము అలాంటి చోటికి మైకులు తీసుకెళ్ళం.

ఇక మీ ఆఖరి ప్రశ్న. దో చాపీ వలయంలోకి ఎవరైనా రావొచ్చు, పిలుస్తారు కూడా. ఇద్దరు మనుషుల మధ్య ఖాళీ చూసి దూరకండి. వెనక నిలబడి ఒక చుట్టు చప్పట్లు కలిపితే వాళ్ళే జరిగి చోటిస్తారు. మీ ముందున్నవాణ్ణి కాకుండా ఎదురుగా ఉన్నవాణ్ణి చూసి అడుగు వేస్తే త్వరగా వస్తుంది. లేవాలో మాత్రం అడక్కుండా దిగొద్దు. చాలాచోట్ల దానికి సొంత మేళం, పెద్దలు, పద్ధతి ఉంటాయి. డబ్బు ఇవ్వాలనుకుంటే కళాకారుడి మీద విసరకండి, ముందు పెట్టండి, లేదా మీ స్నేహితుడి చేత ఇప్పించండి. ఆడవాళ్ళ వైపు కెమెరా తిప్పితే మీ స్నేహితుడికే తలవంపు.

సందడి అయ్యాక కుర్చీలు తీసేసి తివాచీలు పరుస్తున్నారంటే ఇంటికి బయల్దేరకండి, పహ్లవాన్ వస్తున్నాడన్నమాట. స్పీకరు ముందు కాకుండా సురోజ్‌కు దగ్గరగా ఒక పక్కన కూర్చోండి. కింది తీగల మోగుడు నేను ఎంత కుస్తీ పట్టినా స్పీకర్లో సగమే వస్తుంది.